తొట్లకొండ నేనే చూశాను

మా యారాలు విశాఖపట్నం వెళ్లివచ్చి రెండేళ్లు దాటింది. యారాలంటే మా మరిది భార్య. నాకంటే చిన్నది, నా తర్వాత ఆ ఇంట్లో అడుగుపెట్టింది. సముద్రాన్ని మాత్రం నాకంటే ముందు చూసింది. ఈ సంగతి నేను మరిచిపోలేదు. మరిచిపోయే ఉద్దేశం కూడా లేదు.

కనకమామిడిలో మాకు గులాబీ తోట ఉంది. మొగ్గ విచ్చకముందే, ఎండ ముదరకముందే కోయాలి. ఒక పూట వదిలేస్తే పువ్వు విచ్చుకుంటుంది, మార్కెట్లో ఎవరూ ముట్టరు. అందుకే ఇంటిల్లిపాదీ ఊరు వెళ్లడమనేది మాకు కుదరదు, ఒకరు ఆగాల్సిందే. వైజాగ్ ప్రయాణానికి ఆ ఒకరు ఎవరన్నది తేలకముందే నేను చీరలు మడతపెట్టి సంచిలో సర్దుకున్నాను. మా అత్త నా పక్కకు వచ్చి కూర్చుని మెత్తగా అంది.

“నువ్వు కోసినట్ల ఎవరు కోస్తరు బిడ్డా. చిన్నదానికి ఇంక చెయ్యి కుదరలే.”

వినడానికి మెచ్చుకోలే. ఆ మెచ్చుకోలుతోనే నన్ను తోటకు కట్టేశారు. మా ఆయన, మరిది, అత్త, యారాలు లింగంపల్లిలో రైలెక్కారు. నేను చీరలు మళ్లీ బీరువాలో పెట్టుకున్నాను. వాళ్లక్కడ ఉన్నన్ని రోజులూ ఫోను చేతిలోనే పట్టుకుని తిరిగాను. మా ఆయన చేశాడు, చెట్లకు మందు కొట్టించావా, నీళ్లు వదిలావా అని అడగడానికి. యారాలు ఒక్కసారి కూడా చేయలేదు.

అసలు బాధ వాళ్లు తిరిగొచ్చాక మొదలైంది. ఇంటికి ఎవరొచ్చినా చాయ్ కంటే ముందు వైజాగ్ వచ్చేది. ఎర్రమట్టి దిబ్బలు మన చేవెళ్ల మట్టి రంగులోనే ఉంటాయట, కానీ ఎవరో కూర్చుని చెక్కినట్టు ఉంటాయట. బొర్రా గుహల్లో రాయి కూడా కారుతుందట. భీమిలిలో డచ్చివాళ్ల సమాధులున్నాయట. విని విని అవన్నీ నాకు కంఠస్థమయ్యాయి. ఒకసారి ఆమె డచ్చి సమాధులు కైలాసగిరి మీద ఉన్నాయని చెబుతుంటే, “కాదు, భీమిలిలో” అని సముద్రం మొహం చూడని నేనే దిద్దాల్సి వచ్చింది. దానికి కూడా ఎవరూ నన్ను మెచ్చుకోలేదు.

ఉండబట్టలేక ఒకరోజు, వానాకాలంలో మన గండిపేట చెరువు నిండితే అవతలి గట్టు మాత్రం కనిపిస్తుందా అన్నాను.

“గండిపేటకు అలలొస్తయా బిడ్డా?” అంది మా అత్త. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తే.

మొన్నటి చలికాలంలో నేను ఎవరినీ అడగలేదు. అన్నాల దగ్గర, చిన్నదానికి ఇప్పుడు చెయ్యి బాగా కుదిరింది కదా, ఈసారి తోట ఆమె చూసుకుంటుంది అని మాత్రం అన్నాను. మా అత్త పచ్చడి గిన్నె దగ్గరికి లాక్కుంది. అలా నేనూ మా ఆయనా రైలెక్కాం.

సముద్రం నిజంగానే పెద్దది. ఆ మాట ఒప్పుకోవడం నాకు కష్టంగానే ఉంది. కానీ మా ఆయన నన్ను సముద్రాన్ని సముద్రంలా చూడనివ్వలేదు. ఇసుకలో అడుగుపెట్టగానే, చిన్నదాని చెప్పు అలలో కొట్టుకుపోయింది ఇక్కడే అన్నాడు. సబ్‌మెరైన్ మ్యూజియం లోపల, ఇక్కడే భయపడింది అన్నాడు. దిబ్బల దగ్గర, ఇక్కడే జారింది అన్నాడు. నేను నిలబడిన ప్రతిచోటా ఆమె ముందే నిలబడి వెళ్లింది. రెండేళ్లు ఎదురుచూసినందుకు నాకు మిగిలింది ఆమె వాడి వదిలిన సముద్రం.

భీమిలి రోడ్డు మీద ఆటో అతను ఒక గుట్ట చూపించి, అది తొట్లకొండ, పైన బౌద్ధుల ఆరామం ఉండేది అన్నాడు.

“ఆడేముంది, ఒట్టి ఇటుకలు. అప్పుడు గూడ మేం పోలే,” అన్నాడు మా ఆయన.

“అయితే పోవాలె,” అన్నాను.

పైన నిజంగా ఇటుకలే. గుండ్రటి కట్టడాల అడుగులు, భిక్షువులు పడుకున్న చిన్న చిన్న గదుల పునాదులు. వాటి పక్కన వాననీళ్లు నిలిచేలా బండలోనే తొలిచిన తొట్లు. కింద కనుచూపు మేరంతా ఉప్పునీళ్లు, పైన తాగే నీళ్లు రాతిలో దాచుకున్నారు. బోరు మీద బోరు వేయించి పొడి దుమ్ము చూసిన ఇల్లు మాది. ఒక తొట్టి అంచున కూర్చున్నాను. ఇక్కడ ఎవరి చెప్పూ పోలేదు, ఎవరూ జారలేదు. ఆ ట్రిప్పులో మొదటిసారి నా కడుపు చల్లబడింది.

అంతలో మా ఆయన తమ్ముడికి వీడియో కాల్ కలిపాడు. మరిది ఫోను తీసుకెళ్లి యారాలి చేతికిచ్చాడు. ఆమె షెడ్డులో గులాబీలు కట్టలు కడుతోంది.

“అక్కా, నీ ఎనకాల అదేంది? జర చూపియ్యవా,” అంది.

నేను ఫోను లాక్కుని కెమెరాకు అరచెయ్యి అడ్డం పెట్టాను.

“నేను తోటల ఉన్నప్పుడు నువ్వు చూపిచ్చినవా?”

“యాదికి లేకుండె అక్కా,” అంది.

“నాకు యాదికున్నది. నువ్వొచ్చినప్పుడు చూద్దువు తియ్యి.” ఫోను పెట్టేశాను.

ఇంత మొండితనం పనికిరాదని మా ఆయన గొణుక్కుంటూ ఆటో దగ్గరికి నడిచాడు. నేను కదల్లేదు. ఫోటో కూడా తీయలేదు. తీస్తే అది ఇంటికి చేరుతుంది. తనివితీరా చూసి, ఆటో అతను హారన్ కొట్టాక దిగాను.

మొన్న శంకర్‌పల్లి నుంచి చుట్టాలు వచ్చారు. యారాలు అలవాటుగా వైజాగ్ మొదలుపెట్టింది. అలలు, గుహలు, దిబ్బలు అన్నీ అయ్యాక, వాళ్లలో ఒకామె గుట్ట మీద ఏవో రాతి తొట్లుంటాయంట కదా అని అడిగింది. యారాలు తల వంచుకుని చాయ్ కప్పు తిప్పుతూ, “అది అక్క చూసింది. అక్కనే అడుగుండ్రి,” అంది.

అందరూ నా వైపు తిరిగారు. మా అత్త కూడా. నేను గులాబీలకు కాగితం చుడుతున్నాను. ఆ కట్ట మొత్తం చుట్టి, దారం బిగించి, పక్కన పెట్టి, అప్పుడు తొట్ల సంగతి మొదలుపెట్టాను.