పాఠంతో పిళ్ళప్ప తగాదా

అచ్చులో ఏది కనబడినా పిళ్ళప్ప తగాదాకు దిగుతాడు. మనుషులతో ఆయనకు ఏ పేచీ లేదు. కన్నడ సీమలోని పరగోడు ఊళ్లో అంతటి నెమ్మదస్తుడు ఇంకొకరు దొరకరు. కానీ గోడ మీది బోర్డు, బిస్కెట్ పొట్లం, పెళ్లి పత్రిక, ఏదైనా సరే, రాసినవాడు ఎదురుగా నిలబడి ఉన్నట్టే దబాయిస్తాడు.

బాగేపల్లిలో గోపాలప్ప హోటల్ ముందు 'వేడి వేడి ఇడ్లీ' అని బోర్డు ఉండేది. ఒకరోజు పిళ్ళప్ప ఇడ్లీ ప్లేటుతో బయటికి వచ్చి దాన్ని బోర్డుకు చూపించాడు.

"ఏమప్పా, ఇది వేడా? ముట్టి చెప్పు."

"బోర్డు ఎట్ల ముడుతుందన్నా?" అని లోపలి నుంచి గోపాలప్ప అరిచాడు.

"అయితే నువ్వొచ్చి ముట్టు."

తర్వాతి వారం చూస్తే బోర్డు మీద ఒక్క 'వేడి' మాత్రమే మిగిలింది. "సగం దారికొచ్చినాడు" అని పిళ్ళప్ప సంతోషించాడు.

ఊళ్లోని ఆంజనప్ప తన కూతురి పెళ్లి పత్రికలో 'మీ రాకే మాకు ఆనందం' అని వేయించాడు. పిళ్ళప్ప ఆయన్ను పందిట్లోనే పట్టుకున్నాడు. "వచ్చి ఇంతసేపాయ. ఆనందం యాడుండాదప్పా? నన్ను చూసి ఒక నవ్వన్నా నవ్వలేదే!" పాపం ఆంజనప్ప, పెళ్లి పనులన్నీ నెత్తిన పెట్టుకుని కూడా, పిళ్ళప్ప ఎదురుపడినప్పుడల్లా పళ్లన్నీ బయటపెట్టి తిరిగాడు.

కోడలు శశికళకు ఇవన్నీ నవ్వుకునే సంగతులే. ఆ తగాదా బడి పుస్తకం మీదికి వచ్చాక మాత్రం ఆమెకు నవ్వు రాలేదు.

శశికళ కూతురు నయన మూడో తరగతి. ఆటల్లో చురుకు, లెక్కల్లో చురుకు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, రెండూ గలగలా మాట్లాడుతుంది. కానీ పుస్తకం తెరిచి చదవమంటే నత్తనడకే. ఒక్కో అక్షరం దగ్గర ఆగి, తప్పు చదివానేమోనని అమ్మ మొహం చూస్తుంది. అమ్మ మొహంలో ఏముంటుంది? కంగారే ఉంటుంది. దాంతో తెలిసిన అక్షరం కూడా మరిచిపోతుంది.

శశికళ అక్క వినుత చింతామణిలో టీచరు. సంగతి విని ఫోనులో తేల్చి చెప్పేసింది. "దసరా సెలవుల్లో వస్తా. నా ముందర ఒక పాఠం చదివించు. చదవలేదంటే పిల్లను నాతోనే పిల్చుకొని పోతా. నా దగ్గర ఉండి చదువుకోనీ."

ఆ పూట నయన ముద్ద ముట్టలేదు. శశికళకు కూడా దిగులు పట్టుకుంది. అక్క మాట మంచిదే, కానీ ఈ పిల్ల లేని ఇంట్లో తాను ఎలా ఉండాలి?

అందుకని రోజూ సాయంత్రం శశికళ వంటింట్లో సంగటి గెలుకుతూ, వాకిట్లో నయనతో పాఠం చదివించేది. అరుగు మీద పిళ్ళప్ప ఉండనే ఉన్నాడు. పాఠం కన్నడమే గానీ, మన సౌకర్యం కోసం తెలుగులో చెప్పుకుందాం.

"నక్క వంకాయ తోటలోకి... దూ... దూ..."

"ఆగు!" అని పిళ్ళప్ప గర్జించాడు. "నక్క వంకాయలు తింటుందా? ఎవురు రాసిండేది ఇది?"

"తినిందని లేదు తాతా! ఇట్ల చూడు." నయన వేలు పెట్టి మళ్లీ మొదటి నుంచి చదివింది. "నక్క వంకాయ తోటలోకి దూరింది. అంతే ఉండాది."

"దూరేకి కంచె లేదా? కంచె వేయనోడు వాడేం రైతు? కంచె మాట ఏమన్నా ఉండాదేమో చూడు."

పిల్ల కంచె కోసం పేజీ అంతా వెతికింది.

మర్నాటి పాఠంలో "ఏనుగు సంతకు... వ... వ..." అని నయన ఆగింది. "ఏం కొనేకి?" అన్నాడు పిళ్ళప్ప. ఆ ఏనుగు చీకటి పడేదాకా సంత దాటలేదు.

"మామా, దాన్ని చదవనీండి! పేజీ ముందుకు పోలేదు" అని శశికళ గరిటెతో సహా బయటికి వచ్చింది.

"నన్నేం చేయమంటావమ్మా? రాసినోడు అట్ల రాసిండాడు."

భర్త అమరేష్‌తో మొర పెట్టుకుంటే అతను నవ్వేశాడు. "మా నాయన పంచాంగంతోనే కొట్లాడే మనిషి. మూడో తరగతి పుస్తకాన్ని వదులుతాడా?"

దసరా వచ్చింది. వినుతా వచ్చింది. శశికళ మామగారి ముందు చేతులు జోడించింది. "మామా, ఈ ఒక్క పొద్దు నోరు తెరవద్దండి."

"ఆకువక్క వేసుకుంటాలేమ్మా" అని పిళ్ళప్ప రెండు బుగ్గలూ నింపుకుని అరుగెక్కాడు.

కొత్త పాఠం. వినుత కుర్చీలో కూర్చుంది. నయన మొదటి రెండు వాక్యాలు బాగానే చదివింది. పిళ్ళప్ప కళ్లు మూసుకుని హాయిగా నములుతున్నాడు.

"కోతి గొడుగు పట్టుకుని అంగడికి... బ... బ..."

నయన ఆగిపోయింది. అమ్మ మొహం చూసింది. వినుత కళ్లజోడు సర్దుకుంది.

"ఊఁ! ఊఁ!" అని అరుగు మీద పిళ్ళప్ప గిలగిలలాడిపోయాడు. నోరు తెరవలేక, కోడలి వైపు చూస్తూ చేతులు గాల్లో తిప్పుతున్నాడు.

అప్పుడు తట్టింది శశికళకు. కోతి గొడుగు ముచ్చట ఇప్పుడే వచ్చింది గానీ, అంతకు ముందు వాక్యంలో అదే కోతి చెప్పులు కూడా తొడుక్కుంది. దానికి ఈయన కిక్కురుమనలేదు. ఇన్ని సాయంత్రాలూ అంతే. పిల్ల గడగడా చదివిన వాక్యంతో ఆయన ఒక్కనాడూ పోట్లాడలేదు. అది ఆగిన చోటే ఆయన కేక పెట్టేవాడు. పిల్ల భయం పోయి తాత మీద పంతం వచ్చేది, ఆ పంతంలో అదే వాక్యాన్ని మళ్లీ మళ్లీ చదివేది. ఇంత మంచి మనిషినా తను రోజూ గరిటె చూపించి కసిరింది? శశికళకు సిగ్గేసింది. వెంటనే ధైర్యమూ వచ్చింది.

"ఆగు!" అని గట్టిగా అరిచింది. "కోతికి గొడుగు ఎవురిచ్చినారు?"

వినుత కుర్చీలోంచి లేవబోయింది. "ఏమైందే శశీ నీకు?"

నయన అమ్మను వింతగా చూసింది. తర్వాత ఫక్కున నవ్వింది. "నాకేం తెల్సు అమ్మా? ఇట్ల చూడు. కోతి గొడుగు పట్టుకుని అంగడికి బయలుదేరింది. అంతే ఉండాది."

"వాన లేంది గొడుగేంటికి?"

"వాన ఉండాది! కింద ఉండాది చూడు!" అంటూ నయన కింది వాక్యం చదివింది, దాని కింది వాక్యమూ చదివింది. శశికళ వదల్లేదు, నయన తగ్గలేదు. కోతి తరఫున వాదిస్తూ వాదిస్తూ ఆ పిల్ల, కోతి అంగట్లో చక్కెర కొనే దాకా చదివి, పాఠం చివరికి చేరింది.

వినుత పుస్తకం మూసింది. "మీ ఇంట్లో చదివించే పద్ధతి నాకు అర్థం కాలేదు. పిల్ల మాత్రం చదువుతాండాది. ఈడనే ఉండనీ."

నయన ఎగిరి తాత ఒళ్లో పడింది. శశికళకు మాత్రం ఊపు ఇంకా తగ్గలేదు. "అది సరే, అంగడోడు కోతికి చక్కెర ఎట్ల ఇచ్చినాడు?"

పిళ్ళప్ప వాకిలి బయటికి పోయి ఉమ్మి వచ్చాడు. కండువాతో మూతి తుడుచుకుని, జన్మలో మొదటిసారి అచ్చు పక్షాన నిలబడ్డాడు.

"ఊరుకోమ్మా. పుస్తకంలో వేసిండారంటే ఊరికే వేసింటారా?"