ఏడో పొర

ఉక్కులో పగుళ్లు వెతకడం ఆమె పని. నాణెమంత వెడల్పున్న పల్చటి ప్లాస్టిక్ పొరలను దూలాలకు అతికిస్తుంది. కరెంటు ఇస్తే పొర చెవికందని శబ్దాన్ని ఉక్కులోకి పంపుతుంది. పగులుకో అవతలి అంచుకో తగిలి తిరిగొచ్చిన ప్రతిధ్వని పొరను తాకితే, వెంట ఉన్న పరికరం తెరమీద గీత లేస్తుంది.

అతికించిన ప్రతి పొర పక్కనా ఆమె ఒక పెన్సిలు మొనను ఉక్కుకు ఆనించి విరుస్తుంది. ఆ చిన్న టక్కుకు గీత ఎగిరితే పొర వింటున్నట్టు. ఇరవై రెండేళ్లుగా ఇదే అలవాటు. ఫ్యాక్టరీలో ఆమె పేరు పెన్సిలమ్మ.

ఆ ఉదయం రిపోర్టు చూసి ఆమె ఒళ్లు మండిపోయింది. క్రేను దూలం మీద పన్నెండు పొరలు. ఎక్కడా పగులు లేదని రాసి ఉంది.

"నేను భోజనానికెళ్తే మీరు అతికించేశారే, ఆ ఏడోది! మొన విరిచినా పలకలేదని నిన్ననే రాసిచ్చాను కదా సార్?"

"పలకలేదంటే పగులు లేనట్టేగా," అన్నాడు సూపర్‌వైజరు.

"మంచి ఉక్కయినా అవతలి అంచు నుంచి బదులిస్తుంది. ఇక్కడ అదీ లేదు. చెవిటివాణ్ణి అడిగి, ఊళ్లో గొడవేం లేదని రాసుకుంటారా?"

"పదింటికి లోడు ఎత్తాలి. నాకు పాఠాలు చెప్పకు."

క్రేను నడిపేది ఆమె తమ్ముడు. దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "ఊరుకో అక్కా. ఇద్దరి ఉద్యోగాలూ ఊడతాయి."

"దూలం విరిగితే క్యాబిన్‌తో సహా కిందకొచ్చేది నువ్వేరా! నోర్మూసుకుని నిచ్చెన పట్టుకో."

పట్టుకున్నాడు.

ఆమె ఎక్కి ఏడో పొర పీకింది. కింద బూడిదరంగు పెయింటు బొబ్బలా ఉబ్బి ఉంది. అతికించేముందు దాన్ని గీకనేలేదు. పళ్లు కొరుకుతూ బ్లేడుతో ఉక్కు మెరిసేదాకా గీకింది. కొత్త పొర అతికించి, అరవై లెక్కపెట్టేదాకా బొటనవేలితో నొక్కి పట్టింది. మొన విరిచింది. గీత ఎగిరింది.

అప్పుడు శబ్దం పంపింది. రెండు గీతలు లేచాయి. అవతలి అంచుది పొట్టిది. దానికి ముందే ఇంకొకటి, పొడుగ్గా, నిటారుగా.

తమ్ముడు నాలుగు మెట్లెక్కి తెర చూశాడు. "శబ్దం సగం దారిలోనే తిరిగొస్తోందా?"

"ఆ. నీ నెత్తిమీదే."

అతను దిగి, క్యాబిన్‌కు వెళ్లి, క్రేను తాళం తీసుకొచ్చి ఆమె పనిముట్ల సంచిలో పడేశాడు.

"ఏయ్, ఆ తాళమేంటి?" సూపర్‌వైజరు అరిచాడు.

"అక్కనడగండి సార్."

ఆమె దిగొచ్చి సూపర్‌వైజరు చేతిలోని రిపోర్టు లాక్కుని ఏడో గడి కొట్టేసింది. 'పగులు ఉంది' అని కాగితం చిరిగేంత గట్టిగా నొక్కి రాసింది. కోపం ఇంకా దిగలేదు. తమ్ముడి వైపు తిరిగింది.

"ఊరుకోమన్నావు కదూ? ఇంటికి రా, నీ సంగతి చెప్తా."