నేను పంపిన పాము వీడియో

మా వారు చనిపోయిన ఏడాదే నాకు నాగాయలంక దగ్గర ఒక బడికి బదిలీ అయింది. అక్కడ నాకెవరూ తెలియరు. నేను అద్దెకు దిగిన వాటా పక్కింట్లో కౌలుకు వరి సాగుచేసుకునే భార్యాభర్తలుండేవారు. ఆవిణ్ణి వదినా అని, ఆయన్ని అన్నయ్యగారూ అని పిలిచేదాన్ని. చేపల పులుసు పెట్టినరోజు వదిన గోడ మీంచి గిన్నె అందించేది. ఆ ఊళ్ళో నాకున్న పలకరింపు అదొక్కటే.

సాయంత్రాలు మాట్లాడేవాళ్ళు లేక ఫోన్లో వీడియోలు చూసేదాన్ని. ఒకరోజు ఒక పాము వీడియో చివరిదాకా చూశాను. మర్నాటి నుంచి ఫోన్ తెరిస్తే పాములే. ఒకదాంట్లో తెల్లకోటు వేసుకున్నాయన చెప్తున్నాడు: పాము కరిస్తే పైన తాడుతో బిగించి కట్టి, బ్లేడుతో గీసి రక్తం పిండేస్తే చాలు, ఆసుపత్రికి పరుగెత్తక్కర్లేదు అని. లక్షలమంది చూశారని కింద ఉంది. ఇంతమంది చూశారంటే నిజమే అయ్యుంటుందనుకున్నాను. అవి ఊడ్పుల రోజులు. అన్నయ్యగారు చెప్పుల్లేకుండా గట్ల మీద తిరుగుతారు. వదినకు పంపాను.

"భలే పనికొచ్చేది పంపారండీ టీచర్‌గారూ" అంది. ఒకరికి అక్కరకొచ్చానని ఆ రోజంతా మనసు తేలిగ్గా ఉంది.

రెండు వారాలకు, పొద్దున పొలం గట్టు మీద ఆయన పాదానికి రక్తపింజరి కాటేసింది. నేను బడి నుంచి వచ్చేసరికి వాళ్ళింటికి తాళం. ఫోన్ చేస్తే వదిన ఆసుపత్రిలో ఉంది.

"వీడియోలో చెప్పినట్టే చేశామండీ. కట్టాం, కోశాం. రక్తం ఆగలేదు. గంటన్నర ఇంట్లోనే ఉంచేశాం. ఎవరు చెప్పారు ఇలా చెయ్యమని అంటూ డాక్టరుగారు ఒకటే తిట్టడం."

"మీరేం చెప్పారు వదినా?"

"ఏం చెప్తానండీ. తెలీదన్నాను."

ఇంజెక్షన్లతో ప్రాణం నిలిచింది. పాదం మాత్రం పాడైపోయింది, మూడు వేళ్ళు తీసేశారు. బత్తాయిలు పట్టుకుని చూడ్డానికి వెళ్తే అన్నయ్యగారు నవ్వబోయారు. "మీరు మంచికే పంపారు కదండీ" అన్నారు. ఆయన నాలుగు తిట్టినా బాగుండేది. వదిన కిటికీలోంచి బయటికి చూస్తూ కూచుంది.

ఆ వీడియో తప్పని ఫిర్యాదు పెట్టాను. దాని కింద కామెంట్లో జరిగిందంతా రాశాను. ఎవరో నవ్వే బొమ్మ పెట్టారు. వీడియో అలాగే ఉంది. చూసినవాళ్ళ లెక్క పెరుగుతూనే ఉంది.

తర్వాత గోడ మీంచి గిన్నె రాలేదు. ఎదురుపడితే వదిన "బాగున్నారా అండీ" అనేది, అంతే. ఆవిడ తప్పేం లేదు.

బడిలో తల్లిదండ్రుల సమావేశం రోజున లేచి, పాముకాటు సంగతంతా చెప్పి, ఆ వీడియో పంపింది నేనేనని ఒప్పుకున్నాను. వెనక వరసలోంచి ఒకావిడ లేచింది.

"ఆ వీడియో నాకూ వచ్చిందండీ. మరి ఏం చెయ్యాలి?"

"కట్టొద్దు, కొయ్యొద్దు. కాలు కదపనివ్వకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి" అన్నాను.

ఆవిడ అక్కడే ఫోన్ తీసి ఆ వీడియో చెరిపేసింది. అందరూ వెళ్ళిపోయాక కుర్చీలు సర్ది, నేనొక్కదాన్నే ఇంటికి నడిచాను.