మాణిక్యాంబ డైరీ, గోడ దాటిన చేప

మా నాయనమ్మ మాణిక్యాంబకి ఒకటే పిచ్చి. తన డైరీ తనే చదివి పదిమందికీ వినిపిస్తుంది. బ్యాంకులో టోకెన్ పిలిచేలోపు ఒక పేజీ, అమలాపురం బస్సులో నాలుగు. పన్ను పీకించుకోవడానికి వెళ్ళి డాక్టరు గారికి కూడా వినిపించి వచ్చింది. నోరు తెరవమన్నది ఆయనేనట.

వినేవాళ్ళకి నష్టమేమీ లేదు. గేదె ఈనింది, నారు కుళ్ళింది, తోడికోడలు ఆవకాయలో ఉప్పు మరిచింది. అన్నీ ఇలాంటి సంగతులే. అయినా మా నాన్న గణేష్‌బాబు సిగ్గుతో చచ్చిపోయేవారు. పరువు పోతోందని ఓసారి డైరీని అటక మీద పడేశారు. ఆవిడ నిచ్చెన వేయించుకుని మరీ దింపుకుంది.

"నేను రాసుకున్నది నేను చదువుకుంటున్నాను. అంత కష్టంగా ఉంటే చెవుల్లో దూది పెట్టుకోరా" అంది.

ఈ మధ్య నేను పల్లంరాజు గారి అబ్బాయి మణిదీప్‌తో కోటిపల్లి రేవులో పంటు ఎక్కి గోదావరి దాటాను. వాళ్ళది చేపల వ్యాపారం, మాది వ్యవసాయం. పంటు అవతలి ఒడ్డు చేరకముందే కబురు మా ఇంటికి చేరింది. నాన్న నాతో మాట మానేశారు. చేసుకుంటే అతన్నే చేసుకుంటానని నేనూ మొండికేశాను. వీధిలోకి వెళితే అందరి నోళ్ళలోనూ నేనే.

సరిగ్గా అప్పుడే నాయనమ్మ ఎన్నడూ చదవని పేజీలు తీసింది. పెళ్ళికి ముందు మా తాతయ్య గంగరాజు గారు ఆవిడ చుట్టూ తిరిగిన రోజులవి. రేషన్ డిపో దగ్గర నిలబడి గొంతెత్తి చదివింది: "ఈ రోజు గంగరాజు గారు గోడ మీదుగా చేప అందించారు. పులస అన్నారు. వండితే విలస. అబద్ధమని తెలిసి కూడా ముళ్ళు చీకి మరీ తిన్నాను. మనిషి నచ్చాడు."

రెండూ ఒకటే చేప. సముద్రంలో పట్టింది విలస, వరద గోదారికి ఎదురీది రుచీ ధరా పెంచుకున్నది పులస. ఆ తేడా దాచబోయిన మా తాతని తలుచుకుని ఊరు విరగబడి నవ్వింది, నన్ను మరిచిపోయింది. కొబ్బరికాయలు దింపేవాళ్ళు కూడా చెట్టు మీద నుంచే తర్వాత ఏమైందని అడిగేవారు.

ఎందుకిలా నవ్వులపాలవుతావని నాయనమ్మని నిలదీశాను.

"నోళ్ళకి మేత కావాలే దుర్గా. నిన్ను మేస్తుంటే చూస్తూ కూర్చోమంటావా? నన్నెంత మేసినా ఇంకా తరిగేదేముంది?"

అప్పుడు ఆవిడ మీద పుట్టుకొచ్చిన ప్రేమ అంతా ఇంతా కాదు.

ఆదివారం మణిదీప్‌ని ఆవిడే ఇంటికి పిలిపించింది. అతను చేప పట్టుకుని వచ్చాడు. పులసేనా అని నాన్న మొహం ముడుచుకునే అడిగారు.

"కాదండి, విలసండి. ఈ ఏడు పులస ఇంకా గోదారి ఎక్కలేదండి" అన్నాడతను.

నాయనమ్మ ఆ చేపని తోక పట్టుకుని కొడుకు ముందుకి ఎత్తింది. "చూశావా, మీ నాన్నకంటే నయం."

నాన్న నవ్వు ఆపుకోలేక, చింతపండు నానబెట్టమని అమ్మకి చెప్పారు. నాయనమ్మ కళ్ళజోడూ పెన్నూ డైరీ తెమ్మంది. రేపు రేషన్ డిపో దగ్గర ఏం చదవబోతోందో నాకు అప్పుడే తెలిసిపోయింది.