చేసినవాణ్ణి విడిపించిన లాయరు కావాలి

కరోనా తగ్గి కోర్టులు మళ్ళీ మామూలుగా నడవడం మొదలైన ఏడాది. మిరప కోతల కాలం. నరసరావుపేటలో నా ఆఫీసు ముందు రోడ్డు మీద టిక్కీల, అంటే మిరపకాయల బస్తాల, లోడుతో లారీలు పోతుంటే లోపల కూర్చున్నవాళ్ళకి కూడా తుమ్ములు ఆగేవి కావు. అప్పటికి నేను ప్రభుత్వం తరఫున వాదించే అడిషనల్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ పదవీకాలం ముగించుకుని, మళ్ళీ సొంత ప్రాక్టీసు పెట్టుకుని కొంతకాలమే అయింది. ఒకరోజు పొద్దున తలుపు దగ్గర ఒక పెద్దామె నిలబడింది. చూడగానే గుర్తుపట్టాను. గుర్తుపట్టాక ఆమెను లోపలికి రమ్మనడానికి నాకు నోరు రాలేదు.

ఆమె పేరు నాగేంద్రమ్మ. యడ్లపాడు వైపు ఒక ఊళ్ళో పత్తీ మిరపా వేసుకుని బతికే కుటుంబం. కొన్నేళ్ళ కిందట పొలం గట్టు తగాదాలో ఆమె పెద్ద కొడుకు బ్రహ్మయ్య హత్యకు గురయ్యాడు. పక్క చేను సాంబయ్య మీద కేసు నడిచింది. ప్రాసిక్యూషన్ నాది. చూశామని పోలీసులకు చెప్పిన ఊరివాళ్ళంతా బోనెక్కేసరికి ఏమీ చూడలేదన్నారు. దీన్నే మేము సాక్షులు హోస్టైల్ అవడం అంటాం. చివరికి మిగిలింది తల్లి ఒక్కతే. గట్టు మీంచి సాంబయ్య గడ్డపార పట్టుకుని వెళ్ళిపోవడం కళ్ళారా చూశానంది. సాంబయ్య లాయరు పట్టాభిరామయ్యగారు, గుంటూరులో పెద్ద పేరున్న మనిషి, ఆమెను చాలా మర్యాదగా కోర్టు గోడ గడియారం చూసి టైమెంతో చెప్పమన్నారు. అంత దూరం చూపు ఆనక ఆమె చెప్పలేకపోయింది. సాంబయ్య విడుదలయ్యాడు. తీర్పు రోజు ఆమె ఏడవలేదు, ఎవర్నీ ఏమీ అనలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆ సాంబయ్యను మూడు వారాల కిందట ఒక రాత్రి ఎవరో పత్తి చేను పక్కన కొట్టి చంపారు. ఆమె రెండో కొడుకు కోటేశ్వరరావును పోలీసులు అరెస్టు చేశారు. పేపర్లో చదివాను. ఆమె నా దగ్గరికి వస్తుందని మాత్రం అనుకోలేదు. ఆమె కేసు ఓడిపోయినదాన్ని నేనే కదా.

కూర్చున్నాక ఆమె తాపీగా చెప్పుకుంటూ వచ్చింది. మొదట తన తమ్ముడు తెలిసిన లాయరును పెట్టాడట. ఆయన జైలుకు వెళ్ళలేదు, కుర్రాడితో మాట్లాడలేదు. కోర్టు వరండాలో నిలబడి, కోపంలో చేశాడని చెప్పుకుందాం, శిక్ష తగ్గుతుందని అన్నాడు. క్షణికావేశం అన్న వాదన ఒకటుంది నిజమే. కానీ అన్న చనిపోయిన ఇన్నేళ్ళకు ఆ మాట ఏ కోర్టులోనూ నిలవదు. ఆ లాయరు మీద ఆమెకు గురి కుదరలేదు. బస్సెక్కి గుంటూరు వెళ్ళి, ఎవర్నీ అడక్కుండా నేరుగా పట్టాభిరామయ్యగారి ఆఫీసుకు పోయింది.

నేను విన్నది సరిగ్గా విన్నానో లేదో అని మళ్ళీ అడిగాను. సాంబయ్య తరఫు లాయరు దగ్గరికా అన్నాను.

"అవునమ్మా. ఆయనకి ఒకటే చెప్పా. చేసినవాణ్ణి బయటికి తీసుకొచ్చారు మీరు. నా కొడుకూ చేశాడు. వాణ్ణీ తీసుకురండి అన్నా."

ముప్పై ఏళ్ళ వృత్తిలో లాయరును ఎన్నుకోవడానికి జనం చెప్పే కారణాలు చాలా విన్నాను. మా కులపాయన అంటారు, జడ్జిగారికి తెలిసినాయన అంటారు, పెద్ద బోర్డు ఉందంటారు. తన కొడుకును చంపినవాణ్ణి విడిపించాడు గనక ఆయనే కావాలన్న తల్లిని అదే మొదటిసారి చూడటం. ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు, కసి లేదు. మంచి డాక్టరు పేరు చెప్పినంత మామూలుగా చెప్పింది.

చనిపోయినవాడు తన పాత క్లయింటు గనక ఈ కేసు తాను ముట్టుకోకూడదని పట్టాభిరామయ్యగారు చెప్పారట. నా పేరు చెప్పి పంపారట. ఆమె వద్దనుకుందట. ఓడిపోయిన లాయరు ఎందుకండీ అని ఆయన మొహం మీదే అనేసిందట కూడా. ఆయన పట్టుబట్టి పంపితేనే నా దగ్గరికి వచ్చిందట.

ఆ తర్వాత నేను ఆయన్ని కలిసి, నా పేరెందుకు చెప్పారని అడిగాను. ఆయన ఒకటే అన్నారు. "ఆ కేసులో ఊరివాళ్ళలో ఒక్కడు నిలబడినా నేను ఓడిపోయేవాణ్ణమ్మా. మీరు కేసు ఎంత బాగా కట్టారో చూసింది ఎదురుగా కూర్చున్న నేను. ఆమెకెలా తెలుస్తుంది?"

వకాలత్, అంటే కేసు నడపమని ముద్దాయి సంతకం చేసి లాయరుకు అధికారం ఇచ్చే కాగితం, సిద్ధం చేసే ముందు నేను నాగేంద్రమ్మను ఒక మాట అడిగాను. తానే చంపానని అబ్బాయి మీతో చెప్పాడా అని.

"చెప్పేదేముందమ్మా. వాడి అన్నని చంపినోడు కళ్ళ ముందు తిరుగుతన్నాడు. చేయకపోతే వాడు నా కొడుకెట్టా అవుతాడు?"

తల్లి కడుపుకోత నాకు అర్థం కాదని కాదు. కానీ ఆ మాటలో సందేహానికి సూదిమొన మోపినంత చోటు లేదు.

వారం తిరక్కుండా జైలుకు వెళ్ళాను. ములాఖత్ అంటే ఖైదీని కలుసుకునే సమయం. లాయర్లకు వేరే గది ఇస్తారు. వెంట వస్తానన్న అతని మేనమామను గేటు దగ్గరే ఆపేశాను. కోటేశ్వరరావు సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. ముప్పై దాటలేదు. పిడుగురాళ్ళ సున్నపు బట్టీల్లో లోడింగ్ పని చేసేవాడు, అరచేతులు అక్కడక్కడా కాలి మచ్చలు పడి ఉన్నాయి. నేను తెచ్చిన వకాలత్ చదవకుండానే సంతకం పెట్టేశాడు. నేను నేరం గురించి అడగలేదు. ఆ రోజు పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం చేశావో వరసగా చెప్పు అన్నాను. చాలాసేపు నేల చూపులు చూశాడు. నిన్ను ఈ మాట ఇంతవరకూ ఎవరైనా అడిగారా అన్నాను. తల అడ్డంగా ఊపాడు. పోలీసులు ఎందుకు చంపావని అడిగారట. మొదటి లాయరు అసలు రాలేదు. వాళ్ళమ్మ అడగలేదు.

"ఆ రోజు నేను ఊళ్ళో లేనండి. పారిపోయా."

చీరాల పారిపోయాడు. అన్న పోయిన నాటినుంచి అన్నం పెట్టిన ప్రతిసారీ వాళ్ళమ్మ ఒకటే మాట అనేదట, వాడు తిరుగుతన్నాడ్రా అని. తిట్టేది కాదు, బతిమిలాడేది కాదు. అనేసి లేచి వెళ్ళిపోయేది. అది భరించలేక, మరమగ్గాల షెడ్డులో పని చూసుకుని మధ్యాహ్నానికే చీరాల చేరాడు. ఆ రాత్రి షెడ్డులోనే పడుకున్నాడు. బట్టలు తెచ్చుకుందామని మర్నాడు ఊరికొస్తే, బస్సు దిగగానే పోలీసులు పట్టుకున్నారు.

అంత ఉంటే ఎందుకు చెప్పలేదని అడిగాను. నా గొంతు నాకు తెలియకుండానే పెరిగింది. ఎవరూ నమ్మరనో, పోలీసులు కొట్టారనో చెబుతాడనుకున్నాను.

స్టేషనుకు వాళ్ళమ్మ వచ్చిందట. కటకటాల్లోంచి చెయ్యి పెట్టి అతని చెంప నిమిరిందట. అన్న పోయాక ఆమె తన మొహం వంక సరిగ్గా చూసింది ఆ రోజేనన్నాడు.

"నేను చేయలేదని మా అమ్మకి మాత్రం చెప్పకండి మేడమ్."

నేను కలం కింద పెట్టేశాను. చంపినవాళ్ళు చంపలేదనడం మాకు కొత్త కాదు. చంపనివాడు, ఆ సంగతి దాచిపెట్టమని లాయరు కాళ్ళావేళ్ళా పడటం ఊహకు కూడా అందలేదు. ఉరో, యావజ్జీవమో పడే కేసది. ఆ కుర్రాడికి అది తెలియక కాదు. తెలిసే కూర్చున్నాడు.

క్లయింటు చెప్పినది దాచడం లాయరు ధర్మం. ఆమె నన్ను పెట్టుకుందిగానీ నా క్లయింటు జైల్లో ఉన్నవాడు. కాబట్టి తల్లికి చెప్పే హక్కు నాకు లేదు. అలాగని అతను చేయలేదని తెలిసీ చేశాడన్నట్టుగా కేసు నడపడం నా వల్ల కాదు. ఆ మాటే అతనితో చెప్పాను.

"మీ అమ్మ నన్ను ఎంచుకుంది. నువ్వింకా ఎంచుకోలేదు. కోపంలో చేశానని చెప్పుకోవాలంటే వేరే లాయరును పెట్టుకో, అడ్డు చెప్పను. నేను కావాలంటే చీరాల సంగతి కోర్టులో చెప్పాల్సిందే. మీ అమ్మ అక్కడే కూర్చుని వింటుంది. ఆలోచించుకో."

అతని సంతకం ఉన్న వకాలత్ అతని ముందే చింపేశాను. బస్సులో వెనక్కి వస్తుంటే భయం పట్టుకుంది. ఒకవేళ వేరే లాయరు చాలంటే? ఆ నిజం నేను నోట్లో పెట్టుకుని బతికినన్నాళ్ళూ తిరగాలి. ఆ పది రోజులూ నేను వేరే కేసుల్లో ఏం వాదించానో నాకు గుర్తులేదు.

మళ్ళీ వెళ్ళేసరికి ఈసారి అతనే నన్ను ప్రశ్నలడిగాడు. ఆ షెడ్డు ఓనరు వచ్చి చెబితే జడ్జిగారు నమ్ముతారా, చెప్పకపోతే ఏమవుతుంది, ఎన్నాళ్ళు పడుతుంది అని. తెలిసినవి చెప్పాను, తెలియనివి తెలియదన్నాను. కొత్త వకాలత్ అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. "మీరే ఉండండి. అమ్మకి నేనే చెప్తా" అన్నాడు.

ఆ వారమే ములాఖత్‌లో చెప్పాడు. నేను దూరంగా నిలబడ్డాను, మాటలు వినపడలేదు. నాగేంద్రమ్మ రెండు చేతులతో ఇనుప జాలీ పట్టుకుని ఉంది. కాసేపటికి చేతులు వదిలేసింది. వెనక్కి తిరిగి నా పక్కనుంచే నడిచిపోయింది. గేటు దగ్గర ఆగి, నీకు ముందే తెలుసా అని అడిగింది. తెలుసన్నాను. అప్పటిదాకా మీరు అన్న మనిషి నువ్వు అంది. అంతే. తర్వాత నెలల తరబడి ఆమె జైలుకూ రాలేదు, నా ఆఫీసుకూ రాలేదు.

నేను చీరాల వెళ్ళాను. షెడ్డు ఓనరు మస్తాన్‌గారు నాలుగు మగ్గాలు పెట్టుకున్న చిన్న ఆసామి. ఒకరోజు పనిచేసి మళ్ళీ రాని కుర్రాడు ఆయనకు బాగానే గుర్తున్నాడు. పని నచ్చక పోయాడనుకున్నాడట. జైల్లో ఉన్నాడంటే ఆయన మొహం పాలిపోయింది. కోర్టుకు వస్తారా అంటే, ఇంట్లో ఆవిడతో ఒక మాట అనుకుని, వస్తానన్నాడు.

అలిబై, అంటే నేరం జరిగినప్పుడు ముద్దాయి మరోచోట ఉన్నాడన్న వాదన, తేలిగ్గా నిలబడదు. దాన్ని రుజువు చేసే బరువు మన మీదే ఉంటుంది. బెయిలు దొరకలేదు. విచారణ సాగి సాగి చివరికి మస్తాన్‌గారు బోనెక్కిన రోజు వచ్చింది. ఆ పూట నాగేంద్రమ్మ కోర్టుకు వచ్చింది. వెనక బెంచీలో గోడ వారగా కూర్చుంది. ఆమె ఎవరి కోసం వచ్చిందో నాకు తెలియలేదు.

నేను అడగవలసినవి అడిగాను. ఆయన తడబడకుండా చెప్పాడు. తర్వాత ప్రభుత్వం తరఫు ప్రాసిక్యూటర్ లేచాడు. ముక్కూ మొహం తెలియని మనిషిని ఏమీ అడక్కుండానే పనిలో పెట్టుకున్నారా అని నిలదీశాడు.

"అడిగానండి. బట్టీల్లో పని వదిలేసి ఇంత దూరం ఎందుకొచ్చావన్నా. ఊళ్ళో ఉంటే ఒకణ్ణి చంపాల్సి వస్తదండి, చంపడం నా వల్ల కాదు, అందుకని వచ్చేశా అన్నాడు."

ఈ మాట మస్తాన్‌గారు నాకు ఎప్పుడూ చెప్పలేదు. చంపాలన్న ఉద్దేశం అతని మనసులో ఉందనడానికి ఇంతకన్నా ఏం కావాలి అని ప్రాసిక్యూటర్ అప్పుడే అందుకున్నాడు కూడా. జడ్జిగారు రాయడం ఆపి కోటేశ్వరరావు వంక చూశారు. అతను తల వంచుకుని ఉన్నాడు. నేను వెనక్కి తిరిగి చూశాను. నాగేంద్రమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఉంది.

ప్రాసిక్యూటర్ గెలిచాననుకున్న ఆ జవాబే కేసును నిలబెట్టింది. కట్టుకథ చెప్పడానికి వచ్చిన సాక్షి ముద్దాయికి అంత చేటు చేసే మాట చెప్పడు, అతను నిజమే చెబుతున్నాడని జడ్జిగారు తీర్పులో రాశారు. కోటేశ్వరరావు విడుదలయ్యాడు. సాంబయ్యను ఎవరు చంపారో ఇప్పటికీ తేలలేదు.

తీర్పు రోజు మస్తాన్‌గారు పిలవకపోయినా వచ్చాడు. వరండాలో నాగేంద్రమ్మ కొడుకు దగ్గరికి పోలేదు. ముందు ఆయన దగ్గరికి వెళ్ళింది.

"వీణ్ణి ఇటునుంచి ఇటే మీతో తీసుకుపోండయ్యా. మా ఊరికి రానియ్యబాకండి. ఊళ్ళోవాళ్ళు వీణ్ణి బతకనియ్యరు. నేనూ బతకనియ్యలా."

కోటేశ్వరరావు ఏదో అనబోయాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చీరాల బస్సు ఎక్కించింది. ఇప్పుడు నెలకోసారి తనే చీరాల వెళ్ళి రెండు రోజులుండి వస్తుందని విన్నాను.

ఈ మధ్య చాలామంది మంచి అనుభవమున్న లాయరును ఎలా చూసుకోవాలని నన్ను అడుగుతుంటారు. ఎన్ని కేసులు గెలిచాడని అడగొద్దంటాను. గెలుపోటముల్లో లాయరు చేతిలో లేనివి చాలా ఉంటాయి. వీలైతే ఆయనకు ఎదురుగా వాదించినవాళ్ళని అడగమంటాను. అంతకంటే ముందు ఒకటి చూడమంటాను: ఆ లాయరు చుట్టాలందర్నీ బయటికి పంపి, కేసు ఎవరి మీద ఉందో ఆ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, అసలు ఆ రోజు ఏం జరిగిందని అడిగాడా లేదా? అడిగి, జవాబు వచ్చేదాకా ఆగాడా? కోటేశ్వరరావును ఆ ఒక్క మాట అడగడానికి పోలీసులకూ, మొదటి లాయరుకూ, కన్నతల్లికీ తోచలేదు. అందరికీ అప్పటికే జవాబు తెలుసు. నాకూ తెలుసనే అనుకుంటూ ఆ రోజు జైలు మెట్లెక్కాను. ఇప్పుడు ఏ కేసు కాగితాలు చేతికొచ్చినా, చదవడానికి ముందే వెళ్ళి ఆ మనిషిని కలుస్తున్నాను.