గుండ్లదిన్నె గుండిగ

మా పెద్దబాపు పోయాడన్న మాట ఫోన్‌లో విన్నప్పుడు నేను ఒక సర్కారు ఆఫీసులో నిలబడి ఆయన గిన్నెల గురించే కొట్లాడుతున్నాను. వాటి మీద రాజుల పేర్లేమైనా ఉన్నాయా అని బల్ల వెనక సారు అప్పుడే అడిగాడు. లేవు, గొల్లవాళ్ల పేర్లున్నాయి, కుమ్మరివాళ్ల పేర్లున్నాయి, రైతుల పేర్లున్నాయి అన్నాను. ఆయన పెన్నుకు మూత పెట్టాడు. అంతలో ఫోన్ మోగింది. చేసింది పెద్దబాపు కొడుకు, మా అన్న. "తమ్మీ, బాపు పోయిండు. రా" అన్నాడు. వాటిని మ్యూజియంలో పెట్టమన్న దరఖాస్తు ఆ బల్ల మీదే వదిలేసి మెట్లు దిగాను. అది ఇప్పుడెక్కడుందో నాకు తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.

ప్రాజెక్టు నీళ్లు మా ఊరిని, చుట్టుపక్కల ఊళ్లని ముంచినప్పుడు పెద్దబాపుకు ఇంకా పెళ్లి కాలేదు. పట్నం వచ్చి బేగంబజార్‌లో ఒక గిన్నెల సేఠ్ దుకాణం ముందు పీట వేసుకున్నాడు. కొత్త గిన్నెల మీద పేర్లు కొట్టడం ఆయన పని. చిన్న ఉలి, చిన్న సుత్తి. చుక్క పక్కన చుక్క పడుతూ పడుతూ అక్షరమయ్యేది. ఎవరి పెళ్లి, ఎవరు పెట్టారు, ఏ ఊరు. మన ఇళ్లలో ఇత్తడి సామాను మీద ఇవి లేకుండా ఉండవు కదా.

అదే దుకాణానికి జిల్లాల నుంచి పాత ఇత్తడి గోనెసంచుల్లో వచ్చేది. కాంటా మీద తూచి, భట్టీకి పంపి కరిగించేవాళ్లు. ఒకనాడు ఆ తుక్కులో ఒక గుండిగ వచ్చింది, పెళ్లికి అన్నం వండేంత పెద్దది. దాని మెడ చుట్టూ ఇలా ఉంది: "గుండ్లదిన్నె గొల్ల ఈరమ్మ పెండ్లికి మేనమామ పెట్టినది." గుండ్లదిన్నె మా పక్క ఊరే. మా ఊరితోపాటే నీళ్లకింద పోయింది. ఊరు లేదు, గుడి లేదు, రికార్డుల్లో ఒక గీత కూడా మిగల్లేదు. ఆ ఊళ్లో ఒక పిల్లకు పెళ్లయిందనీ, ఆమెకొక మేనమామ ఉన్నాడనీ చెప్పడానికి ఆ గుండిగ ఒక్కటే మిగిలింది. పెద్దబాపు దాన్ని పట్టుకుని కదల్లేదట. సేఠ్ నవ్వి, "తేరే గావ్ కీ హై తో లేజా భాయ్" అన్నాడట, మీ ఊరిదైతే తీసుకుపో అని.

అట్లా మొదలైంది. మునిగిన ఊళ్ల సామాను ఏది వచ్చినా ఆయన కూలికి బదులు అదే అడిగి తెచ్చుకునేవాడు. సంతోష్‌నగర్‌లో ఆయన అద్దె ఇంటి వెనక గది చెంబులతో, బిందెలతో, తాంబాళాలతో, గంగాళాలతో నిండిపోయింది. మా పెద్దమ్మ బతికున్నన్నాళ్లూ ఆ గదిని "నీ ఊరు" అనేది. "పోయి నీ ఊర్లనే పండుకో" అని తిట్టేది.

ఏ గిన్నెనైనా ఎత్తే ముందు వేలి కణుపుతో ఒకసారి కొట్టేవాడు, ఎవరింటికో పోయి తలుపు తట్టినట్టు. మిషన్ పాలిష్ పట్టనిచ్చేవాడు కాదు, అక్షరాలు అరిగిపోతాయని. చింతపండే వాడాలి. దాచలేని వాటి విషయంలో ఆయన చేసే పని బజార్లో అందరికీ తెలుసు. కాంటా ఎక్కే ముందు గిన్నెను తిప్పి, దాని మీదున్నది పైకి చదివేవాడు. ఎదురుగా హమాలీలు బస్తాలతో అరుస్తున్నా సరే, పూర్తిగా చదివేవాడు. ఎందుకని నేనొకసారి అడిగాను. "మనిషి పోతే పేరు పెట్టి ఏడుస్తం గద. దీనికేం పాపం" అన్నాడు.

మా ఇద్దరికీ ఎప్పుడూ లొల్లే. నేను కరపత్రాలు చదివి, చదివి, చివరికి నేనే రాయడం మొదలుపెట్టినవాణ్ణి. చరిత్ర ఎవరిదని అడిగే కాగితాలు చార్మినార్ నుంచి బేగంబజార్ దాకా పంచినవాణ్ణి. ఆయనేమో ఆ గుండిగలను పెళ్లిళ్లకిచ్చేవాడు. పాతబస్తీలో మా జిల్లావాళ్లింట ఏ శుభకార్యమైనా, ఏ చావైనా వండుకోవడానికి పట్టుకుపొమ్మనేవాడు. ఒకటే షరతు. పొయ్యి ముట్టించే ముందు దాని మీదున్న పేరు చదవాలి. నాకు ఒళ్లు మండేది. చరిత్రను మసి పట్టిస్తావా, అద్దాల పెట్టెలో పెట్టాల్సిన దాంట్లో బగారన్నం వండిస్తావా అని అరిచాను.

"అద్దాల పెట్టెల పెడితే దాంట్ల ఎవడు తింటడ్రా?" అన్నాడు. ఆగి, "నీ కాగితం గూడ మొన్న చూసిన. బండోడు మిర్చి బజ్జీలు మంచిగ కట్టిచ్చిండు దాంట్ల. ఆడికి నువ్వు గూడ నలుగురికి తిండి పెట్టినట్టే" అన్నాడు. అక్కడున్న హమాలీలంతా నవ్వారు. నేను నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఇప్పుడు ఆ నాలుగు రోజులు ఎవరినడగాలి?

చావింట్లోనే తెలిసింది, ఓనరు ఇల్లు ఖాళీ చేయమంటున్నాడని. అన్న ఆటో నడుపుతాడు. చిన్న ఇల్లు చూసుకున్నాడు. దినాలయ్యాక సామాను భట్టీకి వేస్తానన్నాడు. నేను ఆయన మీదికి పోయాను. అన్న కోపం చేసుకోలేదు. "తమ్మీ, ఎవరన్న ఉంచుకుంటమంటే చెప్పు. నేనే మోసుకపోయి ఇస్త. ఒక్కడున్నడా?" అన్నాడు.

దినాల లోపల ఆ ఒక్కడి కోసం తిరిగాను. ఒక కాలేజీలో జాగ లేదన్నారు. మా జిల్లా సంఘం పెద్దమనిషి తన ఫోటో పడేటట్టుంటే ఒక చెంబు ఆఫీసులో పెట్టుకుంటానన్నాడు. వంటమేస్త్రీలనడిగితే కళాయి పెట్టేవాళ్లు దొరకడం లేదు, ఇత్తడి వద్దన్నారు. ఫోన్‌లో ఫోటోలు తీశాను. ఇత్తడి మెరుపుకు అక్షరాలు కనబడలేదు. గుండ్లదిన్నె గుండిగను నేనే ఉంచుకుందామని, నలుగురం కలిసి ఉండే నా గదికి మోసుకెళ్లాను. తలుపులో పట్టలేదు. అడ్డం తిప్పినా పట్టలేదు. తిరిగి తెచ్చాను.

ఇది చదువుతున్న మీ ఇంట్లో అటక ఉంటే ఎక్కి చూడండి. అక్కడ బోర్లించి ఉన్నదాన్ని తిప్పండి. రాజుల కోటలకు కాపలా ఉంది. మీ అమ్మమ్మ పెళ్లికి కాపలా ఎవరు?

చివరికి మళ్లీ కరపత్రమే వేశాను. మునిగిన ఊళ్లవాళ్లు వచ్చి మీ గిన్నె మీరు తీసుకుపోండి అని రాశాను. కొందరు వచ్చారు. ఒక ముసలమ్మ చెంబు మీద వేలితో తడుముతూ తన అత్త పేరు దగ్గర ఆగింది. ఒకతను వాళ్ల తాత పేరున్న గంగాళం చూసి ఏడ్చాడు. నేనే దాన్ని అతని బండికి తాళ్లతో కట్టాను. ఆ రాత్రి నిద్ర పట్టింది.

మర్నాడు బేగంబజార్ పోతే ఆ గంగాళం కాంటా పక్కన ఉంది. అతనూ ఉన్నాడు. నేను కాలర్ పట్టుకున్నాను. అతను విడిపించుకోలేదు.

"మా తాత పేరే భాయ్ అది. అబద్ధం చెప్పలే" అన్నాడు. "ఏడ్సింది గూడ నిజమే. తీస్కపోయి ఇంట్ల పెట్టిన. పిల్లలు పండెతందుకు జాగ లేకుంటయింది. నువ్వే చెప్పు, యాడ పెట్టాలె?"

తలుపులో పట్టని గుండిగ కళ్లముందు మెదిలింది. కాలర్ వదిలేశాను. ఏం చేయాలో తోచక గంగాళాన్ని వేలి కణుపుతో కొట్టి, తిప్పి, దాని మీదున్నది పైకి చదివాను. తాత పేరు వచ్చినప్పుడు అతను తల దించుకుని, ఎవరో పిలిస్తే పలికినట్టు "ఆఁ" అన్నాడు. కాంటా దగ్గరి మనిషి నేను చదవడం అయ్యేదాకా ఆగాడు. పెద్దబాపు అలవాటు చేసిన ఆగడం అది. తర్వాత ఎత్తి పెట్టాడు.

దినాల రోజు అన్నం గుండ్లదిన్నె గుండిగలోనే వండారు. వంటాయనకు ఎవరూ చెప్పలేదు. పొయ్యి ముట్టించే ముందు వంగి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. భోజనాలయ్యాక వదిన దాన్ని చింతపండుతో తోమింది, తెల్లారి కరిగించేదాన్ని.

తెల్లారి అన్న ట్రాలీ ఆటో తెచ్చాడు. ఒక్కొక్కటి ఎక్కిస్తుంటే నేను ఒక్కొక్కటి చదివాను. మొదట అన్న విసుక్కున్నాడు. "గిట్ల సదువుకుంట పోతే పొద్దుగూకుతది" అన్నాడు. కొంచెంసేపటికి ఇంజన్ బంద్ చేశాడు. ఊళ్లు పోయాయి, పెళ్లిళ్లు పోయాయి, మేనత్తలు, మరుదులు, బారసాలలు పోయాయి. నా గొంతు బొంగురుపోయింది. వెనక నుంచి ఒక కారు హారన్ ఆపకుండా కొడుతోంది. గల్లీ ఇరుకు, బండి తీయాల్సిందే. గుండిగ ఆఖరున ఎక్కింది. అన్న ఇంజన్ మొదలుపెట్టాడు.

వేలి కణుపుతో కొట్టాను. తోమిన ఇత్తడి ఎండకు మెరుస్తోంది. "గుండ్లదిన్నె గొల్ల ఈరమ్మ పెండ్లికి" దాకా చదివాను. ట్రాలీ కదిలింది. గుండిగ తాడుకు ఊగి అటు తిరిగింది, అక్షరాలు అవతలి వైపుకు పోయాయి. నేను వెనక ఉరికాను. మలుపు దాకా ఉరుకుతూనే, చూడకుండానే, మిగతాది అరిచాను.