సగం ధరకు కొన్న నెట్టు

కొట్టువాళ్ల ఇంట పుట్టినవాణ్ని, బేరంలో నన్ను మించినవాడు లేడు. అందుకే పాడేరు బస్సులో ఒక పాత వాలీబాల్ నెట్టును సగం ధరకే కొట్టేశాను. ముక్కలుగా కోసి పెరట్లో బీరపాదుకు కట్టొచ్చని నా ఎత్తు.

అమ్మినాయన పక్కసీటులో కూర్చున్న కొండ రైతు.

"ఒక ఏడు కోతలయ్యాక మా జట్టు గెలవని ఊరు నేదు బాబూ. పందెం మేకని ఓడినోళ్లతో కలిసే తినాల, అదీ మా పద్ధతి. మరుసటేడు ఆకరి ఆటలో మేమే ఓడిపోనాం. గెలిచినోల మేకని ఆలతో కూకొని తిన్నాం. ఆ కూరే బాగుంది," అని నవ్వాడు.

"మరి అమ్మేస్తున్నావేం?"

"కుర్రోళ్లంతా పనులకి ఎల్లిపోనారు. నానొక్కణ్నే మిగిలాను. ఒక్కడు నెట్టుకి ఏ పక్కన నిలబడతాడు?"

మాటల్లో మా కొట్టు సంగతీ, బీరపాదు సంగతీ చెప్పాను. దిగేముందు మా కొట్టు ఎక్కడో అడిగాడు. "కొయ్యకు బాబూ. ఆరుగురు దొరికితే వచ్చి కొనుక్కుంటాను."

మాటకు ఖర్చేముందని సరేనన్నాను.

చివరి లెక్క ఇదీ: నెట్టుకు సగం ధర, బీరపాదుకు కొన్న కొత్త తాడుకు పూర్తి ధర, కొట్టులో నెట్టు కోసం ఖాళీ చేసిన ఒక అర. లాభం ఆయనొచ్చి అడిగిన రోజున చూసుకోవాలి. ఇంతవరకూ రాలేదు.